ఊరూ యాసా ఉన్న విలన్: కోట శ్రీనివాసరావు నటనలో మాట చేసిన పని

ఒకప్పటి తెలుగు సినిమా విలన్‌కి డెన్ ఉండేది, ఇల్లు ఉండేది కాదు. రంగురంగుల బల్బులు, గిర్రున తిరిగే కుర్చీ, నోట్లో చుట్టో పైపో, వెనకాల చారల బనీన్లేసుకున్న నలుగురు మనుషులు. అతనిది ఏ జిల్లా, పొద్దున్నే ఏం తింటాడు, ఇంట్లో పెళ్ళాంతో ఎలా మాట్లాడతాడు అన్న ప్రశ్నే ప్రేక్షకుడికి తట్టేది కాదు. క్లైమాక్స్‌లో హీరో చేతిలో తన్నులు తినడానికే పుట్టినట్టుండేవాడు. ఆట వదిలాక జనం అతన్ని హాల్లోనే వదిలేసి ఇంటికెళ్ళేవారు.

కోట శ్రీనివాసరావు విలన్‌ని అలా వదిలేసి రావడం కుదిరేది కాదు. ఆయన వేసిన కాశయ్యో, గురునారాయణో, సాంబశివుడో ఇంటిదాకా వెంట వచ్చేవాడు. ఆ మనిషిని అంతకుముందే ఎక్కడో చూసినట్టుండేది. తాలూకా ఆఫీసు వరండాలోనో, పెళ్ళి పందిట్లో ముందు వరస కుర్చీలోనో, ఎన్నికలప్పుడు చేతులు జోడించి వీధిలోకి వచ్చిన జీపులోనో. నలభై ఏళ్ళకు పైబడిన నటజీవితంలో ఆయన ఏడువందల యాభైకి పైగా సినిమాలు చేశారు. అందులో ప్రతినాయక పాత్రలు ఎందుకంత లోతుగా దిగబడ్డాయో చూడాలంటే ముఖకవళికల కంటే ముందు మాట దగ్గర మొదలుపెట్టాలి. కోట విలనీలో అసలు ఆయుధం యాస. కత్తి, తుపాకీ దాని తర్వాతే.

అయితే ఈ దారి ఆయనొక్కరే వేసింది కాదు. రాజనాల జానపదాల్లో కత్తి పట్టి, సత్యనారాయణ గంభీరమైన గొంతుతో, నాగభూషణం నవ్వులో విషం కలిపి తెలుగు విలనీకి తలా ఒక రూపం ఇచ్చారు. పెద్ద మలుపు మాత్రం 1975లో వచ్చిన ‘ముత్యాల ముగ్గు’. బాపు తీసిన ఆ సినిమాలో ముళ్ళపూడి వెంకటరమణ రాసిన మాటల్ని కాంట్రాక్టరు వేషంలో రావు గోపాలరావు పలికిన తీరు విలన్‌కి మొదటిసారిగా ఒక నేల ఇచ్చింది. గోదావరి జిల్లాల పలుకుబడి, తొందరలేని నడక, సంగీతం మీద మక్కువ. ఆ కాంట్రాక్టరు అరవడు. వక్కపలుకు నములుతున్నంత నింపాదిగా మనిషి బతుకుని కూల్చేస్తాడు. ఆ డైలాగులు రికార్డులుగా వచ్చి ఊళ్ళల్లో పాటలతో సమానంగా మోగాయి. అంటే ప్రేక్షకుడు విలన్ మాటని పాటలా వినడానికి అప్పటికే అలవాటు పడ్డాడు. కోట వచ్చేసరికి ఆ చెవి సిద్ధంగా ఉంది.

రావు గోపాలరావు పద్ధతికీ కోట పద్ధతికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. రావు గోపాలరావు విలన్ తన మాటని తానే ఆస్వాదిస్తాడు, ఒక్కో పదాన్నీ ప్రేక్షకుడికి వడ్డిస్తాడు. కోట విలన్‌కి తను అందంగా మాట్లాడుతున్నానన్న స్పృహే ఉండదు. అవసరం కొద్దీ మాట్లాడతాడు, బేరమాడుతున్నట్టు మాట్లాడతాడు, ఎదుటివాడి మొహం చూసి మధ్యలో వాక్యం మార్చేస్తాడు. మొదటిది కళ. రెండోది బజారు. ఎనభయ్యో దశకంలో తెలుగు రాజకీయం బజారున పడుతున్న సమయానికి ఈ రెండో గొంతు కావలసి వచ్చింది.

కోట 1942 జులై 10న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. తండ్రి సీతారామాంజనేయులు డాక్టరు. కొడుకూ డాక్టరు కావాలనుకున్నా ఆ దారి సాగలేదు, స్టేట్ బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. దాంతోపాటు నాటకం. ఆ తరంలో ఉద్యోగస్తుల నాటకం అంటే సరదాకి వేసే వేషం కాదు. సాయంత్రం ఆఫీసు కట్టేశాక రిహార్సల్స్, సెలవు పెట్టి నాటక పరిషత్తుల పోటీలు, రైల్లో రాత్రి ప్రయాణం, తెల్లారేసరికి మళ్ళీ కౌంటరు. పరిషత్తు నాటకంలో క్లోజప్ లేదు, రెండో టేకు లేదు. చివరి వరసలో కూర్చున్న ముసలాయనకి కూడా గుసగుస వినపడాలి, కానీ అది గుసగుసలాగే ఉండాలి. కోట గొంతుకి ఆ ఇరుకులోనే సాన పట్టింది.

సినిమా ప్రవేశమూ నాటకం గుండానే జరిగింది. ఆయన నటించిన ‘ప్రాణం ఖరీదు’ నాటకం 1978లో కె. వాసు దర్శకత్వంలో సినిమా అయింది. చిరంజీవి తెరమీద తొలిసారి కనిపించింది కూడా అందులోనే. కానీ కోటకి ఆ సినిమాతో తలుపులేమీ తెరుచుకోలేదు. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, నాటకాలేసుకుంటూ ఇంకో ఏడేళ్ళు గడిచాయి. పేరొచ్చేనాటికి నలభై దాటాయి. ఆ ఆలస్యం ఆయన నటనకి చేసిన మేలు చిన్నది కాదు. ఇరవయ్యేళ్ళకే తెరకెక్కిన నటుడు జీవితంలో చాలా భాగం స్టూడియో గోడల మధ్యే చూస్తాడు. బ్యాంకు కౌంటరు అవతల నిలబడే మనిషి వేరు. అప్పు కావలసినవాడి వినయం, డిపాజిట్ ఉన్నవాడి దర్పం, సంతకం కోసం వచ్చిన కాంట్రాక్టరు చూపించే చనువు, రెండు రూపాయల తేడాకి గొంతు పెంచే ముసలాయన. డబ్బు దగ్గరికొచ్చేసరికి మనిషి మొహం ఎలా మారుతుందో రోజూ ఎనిమిది గంటలు చూడగల చోటు ఇంకొకటి దొరకడం కష్టం. కోట పాత్రల్లో నూటికి తొంభై డబ్బు చుట్టూనో, అధికారం చుట్టూనో తిరగడం, ఆ రెండూ అంత సహజంగా ఉండటం కేవలం కాకతాళీయం అనిపించదు.

1985లో ‘ప్రతిఘటన’ వచ్చింది. దర్శకుడు టి. కృష్ణ, నిర్మాత రామోజీరావు. కాళి అనే రౌడీ చేతిలో నడివీధిలో అవమానపడిన లెక్చరర్ ఝాన్సీగా విజయశాంతి, కాళిగా చరణ్‌రాజ్. కోటది రాజకీయ నాయకుడు కాశయ్య వేషం. కథలో ప్రత్యక్ష హింసంతా కాళిది. కాశయ్య చేసేది తక్కువ, మాట్లాడేది ఎక్కువ. అయినా సినిమా అయిపోయాక కాళి ఒక పీడకలలా మిగిలితే కాశయ్య ఒక నిజంలా మిగిలాడు. కాళిని ఝాన్సీ గొడ్డలితో నరకగలిగింది. కాశయ్య లాంటివాణ్ణి ఏ గొడ్డలితో నరకాలో ప్రేక్షకుడికి తెలియలేదు, ఎందుకంటే అలాంటివాడు ఒక్కడు పోతే అదే తెల్లచొక్కా వేసుకుని ఇంకొకడు వస్తాడు. నంది స్పెషల్ జ్యూరీ అవార్డు దక్కిన ఆ వేషంతో కోట శ్రీనివాసరావు అనే పేరు జనం నోట్లో పడింది.

ఆ పాత్ర పనిచేసిన తీరు దగ్గరగా చూడాలి. కాశయ్య తెలంగాణ యాసలో మాట్లాడతాడు. అప్పటిదాకా తెరమీద రాజకీయ నాయకుడంటే వేదికల భాష, పత్రికల భాష. కోట ఆ భాషని పక్కన పెట్టేశారు. ‘తమ్మీ’ అన్న పిలుపుని తీసుకుంటే చాలు. తెలంగాణ ఇళ్ళల్లో అది ఆప్యాయతకి పరాకాష్ఠ. సొంత తమ్ముణ్ణి, పక్కింటి కుర్రాణ్ణి, దారిన పోయే పిల్లగాణ్ణి దగ్గరికి తీసుకునే మాట. దాన్నే ఒక క్రూరుడు నవ్వుతూ అంటే ఆ దగ్గరితనమే ఉచ్చు అవుతుంది. బెదిరింపు పైకి బెదిరింపులా వినపడదు, చుట్టరికంలా వినపడుతుంది. గట్టిగా అరిచే విలన్‌కి ఎదురు తిరగడం తేలిక. భుజం మీద చెయ్యేసి మాట్లాడేవాడికి ఎదురు తిరగడం ఎలాగో ఎవరికీ తెలియదు. కోట కనిపెట్టిన కిటుకు ఇదే. తర్వాతి ఇరవయ్యేళ్ళూ రకరకాల యాసల్లో, రకరకాల గెటప్పుల్లో ఆయన దీన్నే సానబెడుతూ వచ్చారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోక తప్పదు. కోట తెలంగాణ యాస అంతగా పండటం వెనక ఆయన ప్రతిభ ఎంత ఉందో, పరిశ్రమ అలవాటు కూడా అంత ఉంది. దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో హీరో కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళ భాష మాట్లాడాడు. తెలంగాణ మాట రౌడీకో, మంత్రికో, నవ్వించే పనివాడికో దక్కింది. ఉత్తరాంధ్ర పలుకుబడిదీ అదే గతి, కొన్నాళ్ళకి సీమ మాట ఫ్యాక్షనిస్టుకి అంకితమైంది. కోటిమంది అమ్మల భాష తెరమీద వినపడినప్పుడల్లా హాల్లో నవ్వో అసహ్యమో పుడితే ఆ అమ్మల పిల్లలకి ఎలా ఉంటుంది? తెలంగాణ ఉద్యమ కాలంలో ఈ ప్రశ్న గట్టిగా వినపడింది. తెలుగు సినిమా తెలంగాణ యాసని విలన్లకీ హాస్యగాళ్ళకీ కట్టబెట్టిందన్న ఆరోపణలో అబద్ధం లేదు. ఆ వరసలో బాగా పేలిన పాత్రలు కోటవే కాబట్టి వేలు ఆయన వైపు చూపడమూ సహజమే.

అయితే నటుడి పనినీ పరిశ్రమ తీర్పునీ విడదీసి చూడాలి. వేషానికి ఏ యాస పెట్టాలన్న నిర్ణయం ఎక్కువసార్లు రచయిత, దర్శకుడు చేసేది. దాన్ని ఎంత ఖచ్చితంగా పలకాలన్నదే నటుడి చేతిలో ఉండేది. కోట సమకాలికులు చాలామంది పలికింది ‘సినిమా తెలంగాణ’. నాలుగు ‘గిట్ల’లు, మూడు ‘గట్ల’లు చల్లేసి, వరంగల్ మాటా హైదరాబాద్ మాటా ఒకే వాక్యంలో కలిపేసే కిచిడీ. హైదరాబాదులో ఉద్యోగం చేసిన ఏళ్ళలో చెవిన పడ్డ మాటని కోట అలా కిచిడీ చేయలేదు. క్రియాపదం దగ్గర గొంతు ఎక్కడ దిగాలో, ప్రశ్న చివర ఎక్కడ లేవాలో ఆయనకి తెలుసు. కృష్ణా జిల్లాలో పుట్టిన మనిషి తెరమీద తెలంగాణవాడిగా చెల్లుబాటయ్యాడంటే కారణం ఆ వినికిడే. ఇన్నేళ్ళ తర్వాత 2017లో ‘ఫిదా’లో కథానాయిక ఆ యాసలో మాట్లాడి ప్రేక్షకుల మనసు దోచింది. 2023లో ‘బలగం’ ఊరు ఊరంతా ఆ యాసలోనే ఏడ్చింది, నవ్వింది. కోటకి మంచి వయసులో అలాంటి కథలు రాసేవాళ్ళే ఉండి ఉంటే ఆ చెవి, ఆ గొంతు ఒక తెలంగాణ తండ్రినో రైతునో ఎంత ఎత్తుకి తీసుకెళ్ళేవో ఊహించుకోవచ్చు. ఆ అవకాశం రాకపోవడం ఆయనకీ నష్టమే, ప్రేక్షకుడికీ నష్టమే.

ప్రతిఘటన వచ్చిన రెండేళ్ళకే, 1987లో, జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’ వచ్చింది. పిసినారి లక్ష్మీపతి వేషానికి నిర్మాత రామానాయుడు మొదట రావు గోపాలరావుని అనుకున్నారనీ, జంధ్యాల కోట కోసమే పట్టుబట్టారనీ కోట తర్వాత పలు సందర్భాల్లో చెప్పుకున్నారు. దర్శకుడి పట్టుదల ఎంత సరైనదో సినిమా తేల్చింది.

లక్ష్మీపతి విలన్ కాదు, కానీ కోట విలనీని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. ఇంటి దూలానికి కోడిని కట్టి వేలాడదీసి, దాని కింద కూర్చుని, వట్టి అన్నం కలుపుకుంటూ, పైకి చూస్తూ కోడికూర తింటున్నట్టు తృప్తిపడే సన్నివేశం తెలుగువాళ్ళకి కంఠతా వచ్చు. దాన్ని ఇప్పుడు మళ్ళీ చూసేటప్పుడు నవ్వు కాసేపు ఆపుకుని కోట కళ్ళనే గమనించాలి. ఇది తమాషా అన్న సూచన ఆ కళ్ళల్లో ఎక్కడా లేదు. ముద్ద నోట్లోకి వెళ్ళేముందు చూపు పైకి వెళ్తుంది, కోడి మీద ఆగుతుంది, అప్పుడు దవడ కదులుతుంది. రుచి నిజంగానే తెలుస్తున్నట్టు మొహంలో ఒక నిండుదనం వస్తుంది. ఎదురుగా అరగుండు వేషంలో బ్రహ్మానందం కడుపు మండిపోతూ కూర్చుంటే ఆ మంట ఈ మనిషికి కనపడనే కనపడదు. ఆ గుడ్డితనమే హాస్యం. కానీ ఆ గుడ్డితనాన్నే కొంచెం పక్కకి తిప్పితే కాశయ్య అవుతాడు. ఎదుటివాడి ఆకలి కనపడని మనిషికీ ఎదుటివాడి ప్రాణం కనపడని మనిషికీ నటుడి శరీరంలో పెద్ద దూరం లేదు. రెండింటికీ మూలం సిగ్గు లేకపోవడం. కోట ఏ వేషం వేసినా ఆ పాత్ర తను చేసేది తప్పని ఒక్క క్షణం కూడా అనుకోదు. ప్రేక్షకుణ్ణి నవ్వించిందీ భయపెట్టిందీ ఆ నమ్మకమే.

1989లో రామ్‌గోపాల్ వర్మ ‘శివ’ వచ్చి తెలుగు విలన్‌ని ఇంకో మెట్టు మార్చేసింది. ఈ సినిమా గురించి మాట్లాడేటప్పుడు అందరూ రఘువరన్ వేసిన రౌడీ భవానీ దగ్గరే ఆగిపోతారు. రఘువరన్ అద్భుతం, సందేహం లేదు. సన్నటి శరీరం, తగ్గు గొంతు, సగం మింగేసిన మాటలు. కానీ భవానీ మౌనం అంత బరువుగా ఉండటానికి పక్కనే ఒక వాగుడుకాయ ఉండాలి. ఆ వాగుడుకాయ కోట వేసిన మాచిరాజు. భవానీ భయపెట్టి బతికేవాడు, మాచిరాజు భయపడి బతికేవాడు. గాలి ఎటు వీస్తే అటు తిరగడమే అతని తెలివి. భవానీ బలం తగ్గుతోందని అనిపించగానే శివ వైపు చూడటం మొదలుపెడతాడు, అదే అతని ప్రాణం తీస్తుంది. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉన్న సన్నివేశాల్లో ఎవరి నటన గొప్పదన్న పోటీ కనపడదు. రెండు రకాల చెడు పక్కపక్కన కూర్చుని లెక్కలు చూసుకుంటున్నట్టుంటుంది. మిగతా సినిమాల్లో తానే పెద్ద విలన్‌గా ఉన్న నటుడు ఇక్కడ ఇంకొక నటుడికి నీడగా కుదురుకోవడానికి తయారవడం చిన్న సంగతి కాదు.

వర్మతో ఆయన ప్రయాణం తర్వాతా సాగింది. 1993 నాటి ‘గాయం’లో గురునారాయణ వేషానికి ఉత్తమ విలన్‌గా నంది వచ్చింది. 2005లో హిందీ ‘సర్కార్’లో అమితాబ్ బచ్చన్ పాత్రకి వ్యతిరేకంగా కుట్ర పన్నేవాళ్ళలో ఒకడైన సెల్వర్‌మణిగా కనిపించారు. వర్మ సినిమాల్లో కోట మిగతాచోట్ల కంటే కుదురుగా ఉంటారు. కెమెరా దగ్గరికొచ్చి ఆగుతుంది కాబట్టి అరుపు అక్కర్లేకపోయింది. పరిషత్తులో నేర్చుకున్న ఆ గుసగుస ఇక్కడ సరిగ్గా సరిపోయింది.

పూర్తిగా కోట కోసమే పుట్టినట్టుండే విలన్ మాత్రం 1998లో వచ్చిన ‘గణేష్’లోని ఆరోగ్యశాఖ మంత్రి సాంబశివుడు. తిరుపతిస్వామి దర్శకత్వం, పరుచూరి సోదరుల మాటలు, జర్నలిస్టుగా వెంకటేష్. మళ్ళీ తెలంగాణ యాసే, కానీ కాశయ్యలోని తియ్యదనం ఇందులో తగ్గి కరకుదనం పెరిగింది. గెటప్ చూస్తే మొదట నవ్వొస్తుంది. రెండో సన్నివేశానికి ఆ నవ్వు గొంతులో ఆగిపోతుంది. రోగం, మందు, ఆస్పత్రి మంచం అన్నీ ఆ మంత్రికి వ్యాపార సరుకు. మనిషి బతకడానికి చివరిగా చేతులు చాచే చోటుని అమ్ముకునేవాడు కాబట్టి ఈ విలన్ మీద వచ్చిన కోపం కథ పరిధి దాటింది. సర్కారు దవాఖానా మెట్ల మీద ఒక్క రాత్రైనా కాపలా కాసినవాళ్ళకి సాంబశివుడు సినిమా పాత్రలా అనిపించి ఉండడు. దీనికీ ఉత్తమ విలన్ నంది దక్కింది. ఈ నందుల జాబితాని ఒకసారి వరసగా చదివితే నటుడి గ్రాఫ్ కనిపిస్తుంది. ‘గాయం’, ‘తీర్పు’, ‘గణేష్’, ‘చిన్న’ అనే సినిమాలకి విలన్‌గా. లిటిల్ సోల్జర్స్, పృథ్వీనారాయణ, ఆ నలుగురు, పెళ్ళైన కొత్తలో సినిమాలకి సహాయ, గుణచిత్ర పాత్రల్లో. ప్రతిఘటనతో కలిపి మొత్తం తొమ్మిది. మొదటి సగం భయపెట్టడంలో, రెండో సగం ఏడిపించడంలో.

ఈ మధ్యలో హాస్యం ఒక పెద్ద పాయ. 1991 నాటి ‘మామగారు’తో బాబూమోహన్‌తో కుదిరిన జంట తర్వాత పదుల సినిమాల్లో తిరిగింది. ఈయన తన్నడం, ఆయన పడటం, జనం విరగబడి నవ్వడం. ఆ దశకంలో కోట కాల్షీట్ లేకుండా సినిమా మొదలుపెట్టడానికి నిర్మాతలు జంకేవారు. ఒకే రోజు రెండు మూడు సెట్ల మధ్య పరిగెత్తే ఆ వేగంలో రాసిందే రాయడం, చేసిందే చేయడం తప్పలేదు. అదే ఊతపదం, అదే మెడ విరుపు, అదే పంచె ఎగగట్టడం. ఏడువందల యాభైలో గుర్తుంచుకోదగ్గవి ఓ యాభై అరవై అనుకున్నా మిగతావి నటుడి అన్నం, పరిశ్రమ అలవాటు. ఆ లెక్క వల్ల ఆయన స్థాయి తగ్గదు గానీ, ఒక గొప్ప గొంతుని పరిశ్రమ ఎంత తేలిగ్గా ఖర్చుపెట్టేసిందో మాత్రం తెలుస్తుంది.

రాజకీయ నాయకుడి వేషాలతో పేరొచ్చిన మనిషి నిజంగానే శాసనసభకి వెళ్ళారు. 1999 నుంచి 2004 వరకు విజయవాడ తూర్పు నియోజకవర్గానికి భారతీయ జనతా పార్టీ తరఫున ఎమ్మెల్యే. అదే కాలంలో జంట నటుడు బాబూమోహన్ ఆందోల్ నుంచి గెలిచి మంత్రి అయ్యారు. కోట మళ్ళీ పోటీకి దిగలేదు. ఆ ఐదేళ్ళలోనూ తెరమీద చెడ్డ నాయకుడి వేషాలు ఆపలేదు. ఓటు అడిగిన నోటితోనే తెరమీద ఓటర్ని మోసం చేసే మాటలు పలకడానికి ఆయన సంకోచించలేదు, జనమూ ఆ రెండింటినీ కలిపి చూడలేదు. వేషం వేషమే, మనిషి మనిషే అన్న ఎరుక పల్లెటూరి నాటకాలు చూసి పెరిగిన సమాజానికి బాగానే ఉంటుంది.

2003లో హరి దర్శకత్వంలో వచ్చిన తమిళ ‘సామి’లో విక్రమ్‌కి ఎదురు నిలిచే పెరుమాళ్ పిచ్చై పాత్రతో కోట అరవనాడులోనూ పాతుకుపోయారు. తిరునల్వేలిని గుప్పిట్లో పెట్టుకున్న పెద్దమనిషి వేషం అది. ఆ పాత్ర అక్కడ ఎంత నిలిచిందంటే, పదిహేనేళ్ళ తర్వాత రెండో భాగం తీసినప్పుడు కొత్త విలన్‌ని పెరుమాళ్ పిచ్చై కొడుకుగానే పరిచయం చేయాల్సి వచ్చింది. నేలా నుడికారమూ తనవి కానిచోట కూడా కూర్చునే తీరుతో, కళ్ళతో, ఆలస్యంగా వచ్చే చిరునవ్వుతో ఆయన నెగ్గుకొచ్చారు.

అందుకే ఆయన చివరిదాకా పదేపదే చెప్పిన ఫిర్యాదుని జాగ్రత్తగా వినాలి. తెలుగు నటులుండగా విలన్ వేషాలకి బయటి రాష్ట్రాల నుంచి మనుషుల్ని తెచ్చుకుంటున్నారనీ, భాష రానివాళ్ళకి పెదవి కదిలించే పని ఇచ్చి ఇక్కడివాళ్ళని ఖాళీగా కూర్చోబెడుతున్నారనీ ఆయన బాహాటంగా అనేవారు. పొరుగు భాషలో వేషాలేసిన మనిషి ఈ మాట అనవచ్చా అన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆయన బాధలో ఉద్యోగాల పంపకం కంటే పెద్ద విషయం ఉంది. రెండువేల తర్వాత తెలుగు విలన్ మళ్ళీ ఊరులేనివాడయ్యాడు. ఆరడుగుల శరీరం ముంబయి నుంచి, గొంతు డబ్బింగ్ థియేటర్ నుంచి. ఒక్కోసారి ఆ కలయిక అద్భుతంగా పండింది కూడా. 2009లో ‘అరుంధతి’ పశుపతిలో సోనూ సూద్ దేహానికి రవిశంకర్ గొంతు ఇచ్చిన ప్రాణం ఎవరూ కాదనలేరు. కానీ పశుపతి మాంత్రికుడు, అతనికి ఊరు అక్కర్లేదు. ఎమ్మెల్యేకి, కాంట్రాక్టరుకి, వడ్డీ వ్యాపారికి ఊరు కావాలి. ‘ఏరా’ అన్న చిన్న మాటలో ఎంత ప్రేమ, ఎంత తిరస్కారం, ఎంత కులం, ఎంత వయసు పలకాలో శరీరమూ గొంతూ ఒకటే అయిన నటుడికే అందుతుంది. కోట మాట్లాడింది తన జేబు గురించి మాత్రమే అనుకుంటే ఆ మాటలో సగమే విన్నట్టు.

పెద్ద విలన్ వేషాలు తగ్గేకొద్దీ ఇంకో కోట బయటికొచ్చారు. 2004లో ‘ఆ నలుగురు’లో వడ్డీ వ్యాపారి కోటయ్య. మళ్ళీ పిసినారే, లక్ష్మీపతికి వరసకి తమ్ముడే. రూపాయి దగ్గర చూపు అదే, లెక్క దగ్గర మొండితనం అదే. అయితే పక్కింటి రఘురామ్ చనిపోయాక ఆ లెక్కల మనిషిలో ఏదో విరిగిపోతుంది. ఏనాడూ ఎదుటివాడి ఆకలి కనపడని కళ్ళకి మొదటిసారి ఎదుటి మనిషి కనపడతాడు. పదిహేడేళ్ళ కిందట కోడి వైపు చూసిన ఆ కళ్ళే ఇప్పుడు శవం వైపు చూస్తాయి. ఆ రెండు సినిమాలూ చూసినవాళ్ళకి ఈ మార్పు ఒక పాత్రదిగా కాక ఒక జాతి మనుషులదిగా తోస్తుంది.

2010లో కొడుకు ఆంజనేయ ప్రసాద్ రోడ్డు ప్రమాదంలో పోయారు. అప్పుడప్పుడే నటుడిగా తెరమీద కనిపిస్తున్నాడు, తండ్రితో కలిసి ‘గాయం 2’లో చేశాడు. దాని తర్వాత కోట మొహంలో వచ్చిన బరువు మేకప్పుతో వచ్చింది కాదు. 2015లో పద్మశ్రీ అందుకున్నారు. 2025 జులై 13న, ఎనభై మూడో పుట్టినరోజు అయిన మూడోనాడు, హైదరాబాదులోని ఇంట్లో కన్నుమూశారు.

చివరి దశాబ్దంన్నరలో వేసినవాటిలో 2012 నాటి ‘కృష్ణం వందే జగద్గురుమ్’ వేషాన్ని విడిగా చూడాలి. క్రిష్ దర్శకత్వం. సురభి నాటక సమాజాన్ని నడిపే పెద్దాయన సుబ్రహ్మణ్యంగా కోట, మనవడిగా రానా. మనవడికి అమెరికా వెళ్ళాలనుంటుంది, తాతకి నాటకం బతకాలనుంటుంది. ఇందులో యాస లేదు, ఊతపదం లేదు, గెటప్ లేదు. రంగు పూసుకోవడం తెలిసిన ఒక ముసలి నటుడు రంగు పూసుకున్న ఒక ముసలి నటుడి వేషం వేశాడు, అంతే. మనవడు వెళ్ళిపోతానన్నప్పుడు ఆయన అరవడు, శపించడు. కాసేపు అలా చూస్తాడు. కాశయ్య, గురునారాయణ, సాంబశివుడు ఎదుటివాణ్ణి అంతసేపు చూస్తే ఏదో కీడు జరగబోతోందని ప్రేక్షకుడు బిగుసుకునేవాడు. ఇక్కడ అదే చూపు, అంతే నిడివి. కీడు ఆ ముసలాయనకే జరిగింది.